కోలుకున్నట్టు ధ్రువీకరించడమైనది

ఊరట సదనంలో నవ్వకూడదని ఎవరూ రూలు పెట్టలేదు. తప్పకుండా నవ్వాలనే పెట్టారు. నవ్వు మాయమైంది ఆ తర్వాతే.

సదనమంటే గొప్ప భవనమేమీ కాదు. జిల్లా కేంద్రంలో బస్టాండు వెనక ఒక పాత బెల్లం గిడ్డంగికి సున్నం కొట్టి, కిటికీలు పెట్టి, బోర్డు తగిలించారు. మొగుళ్ల చేత దెబ్బలు తిని తిని, ఇక తిననని గడప దాటిన ఆడవాళ్లు పద్నాలుగు మంది అందులో ఉంటున్నారు. పడుకోవడానికి ఇంత చోటు, లోపలి నుంచి వేసుకునే గడియ, కేసు తేలేదాకా పొమ్మనని మనిషి ఉంటే చాలు వాళ్లకి. మేట్రన్ సుగుణకుమారి ఆ మూడూ చూసుకుంటోంది. సజావుగా సాగుతున్న చోటు ఎక్కడుందా అని పరిశోధన వెతుక్కుంటూ వస్తుంది కాబట్టి అక్కడికీ వచ్చింది.

వచ్చిన సంస్థ పేరు సమగ్ర మహిళా స్వస్థతా పరిశోధనా మండలి. డైరెక్టరు డాక్టర్ శేషఫణి గారు. దెబ్బలు తిన్న స్త్రీ ఎలా కోలుకుంటుందన్న విషయం మీద ఆయన ఇరవై రెండేళ్లుగా ప్రసంగిస్తున్నారు. అలాంటి స్త్రీతో మాట్లాడే అవకాశం ఈ సదనంలోనే మొదటిసారి దొరికింది. దాన్ని కూడా ఆయన వాడుకోలేదు. మాట్లాడటానికి హిమజ అనే అమ్మాయిని కాంట్రాక్టు మీద పెట్టుకున్నారు. ఎమ్మే చదివిన పిల్ల, మంచి పిల్ల. మనసు ఆడవాళ్ల వైపు ఉన్నా, వేళ్లు మాత్రం ఎప్పుడూ ట్యాబ్ మీదే ఉండేవి.

ఆ ట్యాబ్‌లో పాతిక ప్రశ్నలున్నాయి. ఒక్కోదానికి నాలుగు మార్కులు. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, తలుపు చప్పుడైతే గుండె దడదడలాడుతోందా, వారంలో ఎన్నిసార్లు నవ్వారు, కూనిరాగం తీస్తున్నారా, రేపటి మీద ఆశ ఉందా. మొత్తం కూడితే వచ్చేది స్వస్థతా సూచిక. కొట్టినవాడు ఎవరు, ఇప్పుడెక్కడున్నాడు అన్న ప్రశ్న మాత్రం లేదు. అదేమిటని మొదటి రోజునే సుగుణకుమారి అడిగింది. శేషఫణి గారు చిన్నగా నవ్వి, అది బాహ్య చరరాశి అనీ, తమ అధ్యయన పరిధిలోకి రాదనీ సెలవిచ్చారు.

గవరమ్మ సదనానికి వచ్చింది మాఘమాసంలో, ఎడమ మణికట్టు విరిగిన చేతిని చీర చెంగుతో మెడకి కట్టుకుని. ఆమె మొగుడు అప్పలసూరి జనపనార మిల్లులో కార్మికుడు. కూరలో ఉప్పు ఎక్కువైందని ఒకసారి కొట్టాడు, తక్కువైందని ఒకసారి కొట్టాడు, సరిపోయిన రోజున ఇన్నాళ్లూ ఏమైందని కొట్టాడు. అలా పదకొండేళ్లు గడిచాయి. మణికట్టు విరిచిన రోజున అసలు కూరే వండలేదు.

ఇందులో విడ్డూరం ఏమిటంటే ఆ ఇల్లు గవరమ్మదే. సర్కారు వారు ఇళ్ల స్థలాల పట్టాలు ఆడవాళ్ల పేరనే ఇస్తారు గనక ఆమె పేరన వచ్చింది. గోడలకి ఇటుకలు కూడా ఆమే మోసింది. ఇప్పుడు పట్టాలో ఆమె ఉంది, ఇంట్లో అతను ఉన్నాడు. ఇల్లు తనకిప్పించమని వేసిన కేసు వాయిదా మీద వాయిదా పడుతోంది. అమ్మా నాన్నా ఏనాడో పోయారు. సదనం కాదంటే ఆమెకి మిగిలింది ఆ ఇల్లే, ఆ ఇంట్లో అప్పలసూరే. గవరమ్మ వచ్చిన రోజునే హిమజ ట్యాబ్ తీసి పాతిక ప్రశ్నలూ వేసి, పంతొమ్మిది మార్కులు వేసింది.

తర్వాత మండలికి ఏమాత్రం సంబంధం లేకుండా గవరమ్మ బాగుపడింది. చేతికి కట్టు విప్పారు. వంట తనే చేస్తానని పొయ్యి దగ్గరికి చేరింది. గుమ్మడికాయ వడియాలు పెట్టింది. చిక్కుడుకాయ కూరలో ఉప్పు వేసేటప్పుడు చెయ్యి వణకడం మానేసింది. సింహాచలం అనే ఆవిడతో పక్కపక్కన పడుకుని, ఒకరి మొగుడి మాట తీరు ఇంకొకరికి అనుకరించి చూపించుకుని నవ్వుకునేవాళ్లు. మొగుళ్లు ఇద్దరూ వేరైనా మాటలన్నీ ఒకటే కావడం వాళ్లకి మహా తమాషాగా ఉండేది.

వంటింటి గోడకి మండలి వారి నియమావళి అంటించి ఉంది. మొత్తం పదకొండు నియమాలు. గవరమ్మ ఏడో తరగతి దాకా చదివింది. ఎసరు మరిగేదాకా చదవడానికి అక్కడ ఇంకేమీ లేక, ఆ పదకొండూ ఆమెకి నోటికొచ్చేశాయి. వాటిలో ముఖ్యమైనది ఏడోది: "సూచికలో డెబ్బై అయిదు దాటిన లబ్ధిదారును సంపూర్ణంగా కోలుకున్నట్టు ధ్రువీకరించి, ఏడు రోజుల్లోగా, అవసరమైనచో రక్షక సిబ్బంది సహాయంతో, మూల నివాసానికి తరలించవలెను. తరలింపు పూర్తికాని కోలుకోవడం కోలుకోవడంగా పరిగణింపబడదు."

మొదట కోలుకున్నది సింహాచలం. పాపం ఆమెకి ఈ నియమం సంగతి పట్టలేదు. అడిగినదానికల్లా ఉన్నమాట చెప్పింది, నిద్ర పడుతోందంది, పాటలు కూడా పాడుతున్నానంది. డెబ్బై ఎనిమిది వచ్చింది. మండలి వారు షామియానా వేసి, శాలువా కప్పి, స్వస్థతా పురస్కారం ఇచ్చారు. కోలుకున్న స్త్రీని స్వీకరించడానికి ఆమె మొగుణ్ణి వేదిక మీదికి పిలిచి అతనికీ ఒక దండ వేశారు. అతను దండ తీసి భార్య మెడలో వేస్తే జనం చప్పట్లు కొట్టారు. శేషఫణి గారు కళ్లు తుడుచుకున్నారు.

తొమ్మిదో రోజున సింహాచలం పై పెదవి చిట్లి, ఒక చెవి వాచి తిరిగొచ్చింది. శాలువా అక్కడే ఉండిపోయిందట, అది కప్పుకుని మొగుడు పడుకుంటున్నాడట. హిమజ తల వంచుకుని మళ్లీ ప్రశ్నలు వేసింది. ఇరవై నాలుగు వచ్చింది. డైరెక్టరు గారికి చెబితే ఆయన రవ్వంత కూడా చిన్నబుచ్చుకోలేదు. పాత డెబ్బై ఎనిమిది విజయాల పట్టికలో చెక్కుచెదరకుండా ఉంది, కొత్త ఇరవై నాలుగు కొత్త లబ్ధిదారు కింద చేరింది. ఒక్క మనిషే రెండు ఫలితాలు ఇవ్వడం పరిశోధనకి శుభసూచకమని ఆయన అన్నారు. ఆ మాట విన్న గవరమ్మకి ఒళ్లు మండిపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం బియ్యం ఏరుతూ గవరమ్మ అందరికీ పాఠం చెప్పింది.

"ఇదిగో, బాగున్నానని ఎవుర్తీ అనకండి. బాగున్నోల్లని ఇంటికి తోలేస్తన్నారు. నిద్దర పట్టిందేటని అడిగితే కన్ను మూతపడనేదని సెప్పండి. ఆకలేస్తాందేటంటే ఏటో ఇంత మింగుతన్నానని సెప్పండి. నవ్వు మాటెత్తితే, అదేటో తెల్దని సెప్పండి."

పద్నాలుగు మందీ బుద్ధిగా నేర్చుకున్నారు. సోమవారం హిమజ వచ్చే వేళకి ముఖాలు వేలాడేసేవాళ్లు. నవ్వు ఆపుకోలేనిది వస్తే స్నానాల గదిలోకి పోయి, కుళాయిలు రెండూ విప్పేసి, లోపల పొట్ట పట్టుకుని నవ్వి, ముఖం కడుక్కుని వచ్చేవాళ్లు. నిజంగా ఏడ్చినప్పుడు దాచుకున్నవాళ్లే ఇప్పుడు నవ్వు దాచుకోవలసి వచ్చింది. సదనం సూచిక అరవై నుంచి యాభైకి, యాభై నుంచి ముప్పై అయిదుకి పడిపోయింది.

మండలిలో గగ్గోలు పుట్టింది. శేషఫణి గారు సదనంలోనే సమీక్షా సమావేశం పెట్టారు. లబ్ధిదారులలో స్వస్థతా స్పృహ ఆశించిన స్థాయిలో వికసించకపోవడం ఆందోళనకరమనీ, ఆనందాన్ని క్షేత్రస్థాయికి తీసుకెళ్లడంలో యంత్రాంగం విఫలమైందనీ గంటంపావు మాట్లాడారు. టీలు అందిస్తున్న గవరమ్మకి అర్థమైనదల్లా ఏమిటంటే, రేపటి నుంచి ఇంకేదో మొదలవుతుందని.

మొదలైనవి ఆనంద పక్షోత్సవాలు. గోడలకి పసుపు రంగు వేశారు. నడవాలో నిలువుటద్దం పెట్టి, ప్రతి లబ్ధిదారూ ఉదయం దాని ముందు నిలబడి "నేను బాగున్నాను" అని పదిసార్లు అనాలన్నారు. వాళ్లు చావింట్లో వరసలో నిలబడ్డట్టు నిలబడి, పది అనేసి వెళ్లిపోయేవాళ్లు. నవ్వు నేర్పడానికి రాజధాని నుంచి ఒక గురువు గారు వచ్చారు. ఆయన చేతులు పైకెత్తి హహహా అని నలభై నిమిషాలు నవ్వితే పద్నాలుగు మందీ కన్నార్పకుండా చూశారు. నాలుగో రోజుకి ఆయనకే మనసు బాగోలేక సెలవు పెట్టి వెళ్లిపోయారు. సూచిక ముప్పై ఒకటికి దిగింది.

అప్పుడు శేషఫణి గారికి అనుమానం వచ్చింది. నోరు అబద్ధం ఆడుతుంది గాని ఒళ్లు ఆడదు. కాబట్టి ఇకమీదట సగం మార్కులు మాటలకి, సగం బరువుకి అన్నారు. తూకం మిషను తెచ్చి నడవాలో పెట్టారు. తూచేది సోమవారం గనక ఆదివారం నాడు సదనమంతా ఉపవాసం ఉండటం మొదలుపెట్టింది. సూర్యదేవుడి మీద భక్తి అనుకుని సుగుణకుమారి ఊరుకుంది. అనుకోలేదేమో కూడా, కానీ ఊరుకుంది.

దొరికిపోయింది ఎవరంటే గవరమ్మే. వంట చేసే మనిషికి రుచి చూడక తప్పదు. వచ్చినప్పుడు నలభై ఒక్క కిలోలున్న మనిషి నలభై తొమ్మిది తూగింది. ముఖం ఎంత వేలాడేసినా ఆ ఎనిమిది కిలోలూ సాక్ష్యం చెప్పేశాయి. డెబ్బై ఆరు వచ్చింది.

హిమజ ఆ అంకెని చూసి, మిషను కదిలిందేమో మళ్లీ ఎక్కమంది. మళ్లీ ఎక్కితే మళ్లీ అంతే. ట్యాబ్ మీద ఆ పిల్ల వేలు కాసేపు ఆగింది. డైరెక్టరు గారు వెనకే నిలబడి ఉన్నారు. వేలు దిగక తప్పలేదు.

మండలి వార్షికోత్సవం ఇరవయ్యో తేదీన ఉంది. ధ్రువపత్రం ఇచ్చేది ఆ రోజునే, ఆ రోజునే శాలువా, ఆ రోజునే జీపు. ఇంకా పద్దెనిమిది రోజులు. గవరమ్మ తిన్నగా ఆఫీసు గదిలోకి వెళ్లి డైరెక్టరు గారి ఎదుట నిలబడింది.

"నేను ఎల్లను బాబూ. ఆడు సంపేస్తాడు."

శేషఫణి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కఠినుడు కాదు, కేవలం శాస్త్రజ్ఞుడు. కోలుకున్న తర్వాత కూడా భయం ఉన్నట్టు అనిపించడం సహజమనీ, అది భయం తాలూకు జ్ఞాపకమే తప్ప భయం కాదనీ ఓపికగా వివరించారు. తర్వాత దస్త్రం తిరగేసేసరికి ఆయన ముఖం విప్పారింది.

"పైగా ఆ ఇంటి పట్టా మీ పేరనే ఉందే. మీ సొంత ఇంటికి మీరు వెళ్లడానికి అభ్యంతరమేమిటమ్మా?"

"ఇల్లు నాదే బాబూ. ఇంట్లో ఆడున్నాడు."

"అది బాహ్య చరరాశి," అన్నారు ఆయన.

ఇలాంటి సందేహాలు ఇకముందు ఎవరికీ రాకూడదని అప్పటికప్పుడు ఒక వివరణ చెప్పి రాయించారు: "మూల నివాసమనగా సొంత పేరున పట్టా గల ఇల్లు. అట్టి పట్టా లేనివారికి పుట్టిన ఊరు." సుగుణకుమారి దాన్ని ఎర్ర సిరాతో వంటింటి గోడ మీద ఏడో నియమం కింద రాసింది. ఆ సాయంత్రం ఎసరు మరిగేదాకా గవరమ్మ దాన్నే చూస్తూ కూర్చుంది. అన్నం మాడిపోయింది. ఆ సదనంలో అన్నం మాడటం అదే మొదలు.

ఇంతలో గోరుచుట్టు మీద రోకటిపోటులా కేంద్ర కార్యాలయం నుంచి మండలికి ఉత్తరం వచ్చింది. వార్షికోత్సవం నాటికి సగటు సూచిక అరవై దాటాలి, కోలుకున్నవారు కనీసం పదిమంది ఉండాలి, పోల్చి చూడటానికి ఇంకో సమూహం కూడా ఉండాలి, లేకపోతే మండలిని ఎత్తివేస్తారు. సగటు చూస్తే ముప్పై ఒకటి. ఇప్పటి పట్టికలో కోలుకున్నది గవరమ్మ ఒక్కతే. శేషఫణి గారికి ఆ రోజు టీ కూడా చేదుగా ఉంది. సమావేశం పెట్టి అందరినీ అడిగారు.

"మనకు అధిక సూచిక గల తులనాత్మక సమూహం అత్యవసరం. ఇదే హింసాత్మక వాతావరణంలో, ఇవే ఇళ్లలో జీవించి కూడా మానసికంగా లేశమాత్రం దెబ్బతినని వ్యక్తులు ఈ సమాజంలో ఎవరైనా ఉన్నారా?"

అది జవాబు ఆశించి వేసిన ప్రశ్న కాదు. హిమజ ట్యాబ్ వైపు, సుగుణకుమారి కిటికీ వైపు చూస్తున్నారు. టీ గ్లాసులు తీస్తున్న గవరమ్మ ఆగింది.

"ఉన్నారు బాబూ," అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"అదే ఇంట్లో, అదే గదిలో, గొడవ అయిన ప్రతిసారీ పక్కనే ఉన్నోడు ఒకడున్నాడు. ఒంటి మీద ఒక్క గీతా పడనేదు. పడుకుంటే తెల్లారిపోతాది. రెండు పూట్లా తింతాడు. దేనికీ బయం నేదు, తప్పు సేసినానన్న దిగులు నేదు. మా అప్పలసూరి."

ఆ మాట అన్నప్పుడు గవరమ్మ మనసులో ఏముందో ఆమెకే పూర్తిగా తెలియదు. ఏడో నియమమూ, దాని కింద ఎర్ర సిరా వివరణా మాత్రం అక్షరం పొల్లుపోకుండా తెలుసు.

శేషఫణి గారు ఉన్నపళాన లేచి నిలబడ్డారు. ఇరవై రెండేళ్లలో ఈ ఆలోచన ఎవరికీ రాకపోవడం విచారకరమన్నారు. అదే ఇల్లు, అదే ఆదాయం, అవే సంఘటనలు, ఇంతకంటే కచ్చితమైన పోలిక ఎక్కడ దొరుకుతుందని హర్షించారు. మర్నాడే హిమజని పద్నాలుగు మంది మొగుళ్ల దగ్గరికీ పంపించారు.

వారం తిరిగి వచ్చి హిమజ వంటింట్లో కూలబడింది. గవరమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, అప్పలసూరి దగ్గర ఏం జరిగిందో చెప్పింది. అతను కుర్చీ వేసి కూర్చోబెట్టాడట. నిద్ర పడుతుందా అంటే ఎందుకు పట్టదన్నాడట. తలుపు చప్పుడైతే భయమేస్తుందా అంటే, తలుపు కొట్టేది తనే కదా, తనకి భయమెందుకన్నాడట. రేపటి మీద ఆశ ఉందా అంటే, ఎన్నాళ్లుంటాది అక్కడ, కూడు దొరక్కపోతే అదే వస్తాదన్నాడట. ఎప్పుడైనా పశ్చాత్తాపం కలిగిందా అంటే ఆ మాటకి అర్థం అడిగి, విని, నవ్వాడట. ఆ నవ్వు కూడా మార్కుల్లోకి వచ్చింది. మోకాలి నొప్పి ఉందన్నందుకు మూడు తీసేస్తే తొంభై ఏడు వచ్చింది.

పేపర్లో పేరొస్తుందని చెప్పగానే అంగీకార పత్రం మీద కూడా అడిగిన చోటల్లా సంతకాలు పెట్టాడు. మండలి నియమాలన్నింటికీ కట్టుబడి ఉంటానన్న చోట ఇంకాస్త పెద్దదిగా పెట్టాడు.

పద్నాలుగు మంది మొగుళ్ల సగటు తొంభై అయిదు తేలింది. ఒక్కడూ తొంభైకి తక్కువ లేడు. శేషఫణి గారు ఆ అంకెని తనివితీరా చూసుకున్నారు. పోల్చడానికి పక్కన పెట్టవలసినవాళ్లని పక్కన పెట్టబుద్ధి కాలేదు. వాళ్లనీ లబ్ధిదారుల పట్టికలోనే చేర్చేశారు. సగటు అరవై మూడయింది. కోలుకున్నవారు ఒక్కరు కాస్తా పదిహేను మంది అయ్యారు. నివేదిక అందుకుని కేంద్ర కార్యాలయం అభినందన సందేశం పంపింది. ఇంత తక్కువ కాలంలో ఇంతమంది ఇంత సంపూర్ణంగా కోలుకోవడం అపూర్వమనీ, వార్షికోత్సవానికి స్వయంగా అధ్యక్షుల వారే వేంచేస్తారనీ అందులో ఉంది. కోలుకున్నవారి తరలింపు పత్రాలు సిద్ధంగా ఉంచమని చివర ఒక వాక్యం కూడా ఉంది. ఆ వాక్యం దాకా ఎవరూ చదవలేదు.

చదివింది టీ తెచ్చిన గవరమ్మే. సందేశం బల్ల మీదే ఉంది మరి.

"బాబూ, జీపులు ఎన్ని సెప్పాల?" అని అడిగింది.

"ఎందుకు?"

"పదేను మంది కోలుకున్నారు గదా. ఏడు రోజుల్లో మూల నివాసానికి తరలించాల. నేనొక్కదాన్నయితే ఒక జీపు సాలును. తరలించకపోతే కోలుకున్నట్టు కాదని గోడ మీద ఉన్నాది."

అక్కడే కూర్చున్న సుగుణకుమారి లేచి, ఎవరూ అడగకుండానే, వంటింటి గోడ నుంచి నియమావళి ఊడదీసి తెచ్చి బల్ల మీద పరిచింది. ఎర్ర సిరా వివరణ కింద ఎప్పుడో డైరెక్టరు గారి సంతకం కూడా తీసుకుని ఉంచింది. శేషఫణి గారు తన సంతకాన్ని తనే రెండుసార్లు చదువుకున్నారు. పద్నాలుగు మంది మొగుళ్లలో ఒక్కడి పేరన కూడా పట్టా లేదు. అందరికీ మూల నివాసం పుట్టిన ఊరే.

ఆయన పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. మొగుళ్లని తీసేస్తే సగటు ముప్పై ఒకటికి పడుతుంది, మండలి ఎత్తేస్తారు. ఉంచితే తరలించాలి. తరలించకపోతే కోలుకోలేదని ఒప్పుకోవాలి, అంటే సూచిక తప్పని ఒప్పుకోవాలి. ఇరవై రెండేళ్ల ప్రసంగాల్లో ఆయన ఎన్నో త్యాగాల గురించి చెప్పారు గాని అంతటి త్యాగం గురించి ఎన్నడూ చెప్పలేదు. రెండు రోజులు ఆలోచించి మూడో రోజున పదిహేను జీపులకి, పదిహేను మంది పోలీసులకి ఉత్తరం రాశారు.

వార్షికోత్సవం ఘనంగా జరిగింది. వేదిక మీద వరసగా పద్నాలుగు మంది మొగుళ్లు, చివర గవరమ్మ కూర్చున్నారు. అందరికీ శాలువాలు కప్పారు. అధ్యక్షుల వారు తమ ప్రసంగంలో కోలుకున్న ఈ సోదరుల నుంచి సమాజం నేర్చుకోవలసింది ఎంతో ఉందన్నారు. వాళ్లు దేని నుంచి కోలుకున్నారో ఆయనకి ఎవరూ చెప్పలేదు. అప్పలసూరి కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. ధ్రువపత్రం రెండు చేతులతో అందుకుని కెమెరా వైపు తిరిగి అర నిమిషం నిలబడ్డాడు. కింద సింహాచలం చప్పట్లు కొడుతూ కొంగు నోట్లో కుక్కుకుంది.

ధ్రువపత్రం వెనక తరలింపు ఉత్తర్వు ఉందని కానిస్టేబుల్ భుజం తట్టి చెప్పాక గాని అతనికి తెలియలేదు. పుట్టిన ఊరు గుమ్మడివలస అని రాసి ఉంది. అతను అరిచాడు. తన ఇల్లన్నాడు, తన పెళ్లాం అన్నాడు, తను మగాణ్ణన్నాడు. కానిస్టేబుల్ సంతకాలు చూపించాడు. అప్పలసూరి గవరమ్మ వైపు చెయ్యెత్తాడు. అలవాటు చొప్పున ఎత్తాడు గాని, చుట్టూ ఫోటోలు తీసేవాళ్లున్నారని గుర్తొచ్చి ఆ చేత్తోనే జుట్టు సవరించుకున్నాడు. పదకొండేళ్లలో ఎత్తిన చెయ్యి దిగకుండా ఆగడం గవరమ్మ మొదటిసారి చూసింది. ఆమెకి ఏడుపొచ్చింది. వారం మార్కుల్లోకి రాని ఏడుపు అది.

సర్దుకోవడానికి అతన్ని ఇంటికి తీసుకొచ్చిన జీపు, ఆమెని దింపడానికి వచ్చిన జీపు ఒకే వీధిలో ఎదురుపడ్డాయి. అతని ట్రంకుపెట్టె ఎక్కింది, ఆమె గోనెసంచి దిగింది. మర్నాడు గవరమ్మ వడ్రంగిని పిలిపించి తలుపుకి లోపలి నుంచి ఇంకో గడియ వేయించింది.

రెండు నెలలకి హిమజ మూడో దశ పరిశీలన అంటూ ఆ ఇంటికి వచ్చింది. గవరమ్మ అరుగు మీద కూర్చోబెట్టి, వేయించిన వేరుశనక్కాయలు పెట్టింది. మిగతా ఇళ్లలో ఆడవాళ్లు కూడా ఒక్కొక్కరే చేరుకున్నారనీ, సింహాచలం తన శాలువా తను వెనక్కి తీసుకుని గుమ్మానికి కర్టెన్‌గా కట్టిందనీ హిమజ మాటల్లో చెప్పింది. ప్రశ్నలన్నీ అయ్యాయి. నవ్వు దగ్గరికి వచ్చేసరికి లెక్క పెట్టలేదంది గవరమ్మ. హిమజ తొంభై అని వేసింది. ఇక ఆ అంకెకి ఎవరూ ఆమెని ఎక్కడికీ పంపలేరు, ఉండవలసిన చోటే ఉంది.

వెళ్లబోతూ హిమజ గుమ్మం దగ్గర నసిగింది. గుమ్మడివలస కూడా వెళ్లొచ్చిందట. అప్పలసూరి అన్నగారి పంచన ఉంటున్నాడట. వదిన కొలిచి పెట్టిన అన్నం తింటున్నాడట. రాత్రుళ్లు నిద్ర లేదట, అన్నగారి అడుగు చప్పుడైతే ఉలిక్కిపడుతున్నాడట, నవ్వి ఎన్నాళ్లయిందో గుర్తులేదట. సూచిక ఇరవై రెండు వచ్చిందట. డైరెక్టరు గారు చలించిపోయి పురుషుల కోసం ఇంకో సదనం పెట్టించే ప్రయత్నంలో ఉన్నారట. అందాకా, మానవతా దృక్పథంతో, అతన్ని ఈ ఇంట్లో ఉంచుకోవడానికి అంగీకారమా అని ఆమెని అడిగి రమ్మన్నారట. హిమజ ఆ కాగితం బయటికి తీసింది గాని అందించలేదు.

గవరమ్మ చాటలో మిగిలిన వేరుశనగ పొట్టు ఊదేసింది.

"ఇరవై రెండా?"

"అవును గవరమ్మ గారూ."

"నేను సెయ్యి కట్టుకుని వచ్చినప్పుడు నాకెంత ఏసినావు పాపా?"

హిమజకి ట్యాబ్ చూడనక్కర్లేకపోయింది. "పంతొమ్మిది."

"అయితే నాకన్నా మూడు ఎక్కువే ఉన్నాది," అంది గవరమ్మ. "బాగానే ఉన్నాడని రాసుకో."

హిమజ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి, గవరమ్మ లోపలికి వెళ్లి రెండు గడియలూ వేసుకుంది.